బీటెక్ అయి పది నెలలు, బ్యాక్‌డోర్‌కి రెండున్నర లక్షలు అడుగుతున్నారు. కట్టమంటారా?

ఎర్రచెలక (మంగళవారం, రాత్రి 11:40)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఈ రోజు రాయక తప్పడం లేదు.

నాది ఈసీఈ. బీటెక్ అయి పది నెలలు. 71 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేవు. ఊరు నల్గొండ దగ్గర. ఎస్సార్ నగర్‌లో హాస్టల్, ముగ్గురు షేరింగ్, నెలకు ఆరున్నర వేలు. అమీర్‌పేటలో నాలుగు నెలలు జావా ఫుల్‌స్టాక్ నేర్చుకున్నాను. మూడు వందలకు పైగా అప్లై చేస్తే పిలిచినవి మూడు కంపెనీలు. రెండింట్లో మొదటి రౌండ్‌లోనే పోయింది. మూడో చోట ‘మేమే ఫోన్ చేస్తాం’ అన్నారు, చేయలేదు.

మొన్న కోర్సులో పరిచయమైన ఒకతను మైత్రీవనం దగ్గర ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్ళాడు. రెండున్నర లక్షలు కడితే పెద్ద ఐటీ కంపెనీలో పెట్టిస్తారట. ముందు యాభై వేలు, ఆఫర్ లెటర్ వచ్చాక లక్ష, చేరాక మిగతాది. రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లెటరూ పే స్లిప్పులూ వాళ్ళే ఇస్తామన్నారు. శుక్రవారం లోపు చెప్పాలి. నాన్నను అడిగితే పత్తి అమ్మిన డబ్బుంది, తక్కువైతే ఎక్కడైనా తెస్తానన్నారు.

చాలా టెన్షన్‌గా ఉంది. ఊరికి వెళ్తే బస్టాండులో దిగిన దగ్గర నుంచి అదే ప్రశ్న, ‘జాబొచ్చిందా?’ అందుకే దసరాకి కూడా వెళ్ళలేదు. కట్టమంటారా, వద్దంటారా?

మెట్రో పిల్లర్ 1204 (మంగళవారం, రాత్రి 11:58)

కట్టకు తమ్ముడూ. నేను మూడేళ్ళ కిందట లక్షా ఎనభై వేలు పోగొట్టుకున్నాను. ఆఫర్ లెటర్ ఇచ్చారు. లోగో, సంతకం, జీతం వివరాలు, చేరాల్సిన తేదీ అన్నీ పక్కాగా ఉన్నాయి. కొత్త షర్టు వేసుకుని మాదాపూర్‌లో ఆ బిల్డింగుకి వెళ్తే, సెక్యూరిటీ దగ్గర లిస్టులో నా పేరు లేదు. రిసెప్షన్‌లో అమ్మాయి లెటర్ చూసి, ‘ఈ వారంలో మీరు నాలుగోవారు’ అంది. కన్సల్టెన్సీకి వెనక్కి వచ్చేసరికి షట్టర్ వేసి ఉంది. అమ్మ పుస్తెల తాడు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అది. ఇప్పటికీ ఆ రోడ్డున వెళ్ళాలంటే కడుపులో తిప్పుతుంది.

కూకట్‌పల్లి కుర్రాడు (బుధవారం, ఉదయం 7:15)

అందరికీ అలా జరుగుతుందని చెప్పలేం. మా రూమ్మేట్ అలాగే చేరాడు, రెండేళ్ళయింది, బాగానే ఉన్నాడు. సరైన కన్సల్టెన్సీ దొరకాలి అంతే. ఫ్రెషర్లను ఎవరూ తీసుకోనప్పుడు పిల్లలు మాత్రం ఏం చేస్తారు?

మణికొండ హెచ్ఆర్ (బుధవారం, ఉదయం 9:50)

కుర్రాడు గారి కోపం నాకు అర్థమవుతుంది. ఫ్రెషర్ల సీట్లు తగ్గిన మాట నిజమే. కానీ నేను పదకొండేళ్ళుగా హెచ్ఆర్‌లో ఉన్నాను, టేబుల్‌కి ఇవతల ఏం జరుగుతుందో చెప్తాను.

చేరిన కొన్ని నెలలకు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్టు వస్తుంది. పే స్లిప్పు ఎవరైనా ప్రింటు తీయొచ్చు కాబట్టి దాన్ని ఎవరూ నమ్మరు. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు)లో సర్వీస్ హిస్టరీ తీస్తారు. ఆ కంపెనీ పేరుతో, ఆ తేదీల్లో పీఎఫ్ జమైందా అని చూస్తారు. జీతంలో పన్ను కోసిన వివరాలుండే ఫారం 26ఏఎస్ అడుగుతారు. కొన్ని కన్సల్టెన్సీలు పీఎఫ్ కూడా కడతామని చెప్తాయి. అలాంటి ఉత్తుత్తి కంపెనీల పేర్లు వెరిఫికేషన్ చేసే సంస్థల దగ్గర జాబితాలుగా ఉంటాయి. ఈ రోజు దాటినా, రెండో కంపెనీకి మారేటప్పుడు మళ్ళీ మొదటి నుంచి తవ్వుతారు.

పోయినేడాది ఒకబ్బాయిని కూర్చోబెట్టి రిపోర్టు చూపించాల్సి వచ్చింది. చేరి ఐదు నెలలు. పని బాగా చేస్తున్నాడని టీమ్ లీడ్ కూడా చెప్పాడు. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టి, ఛార్జర్ వైరు నీటుగా చుట్టి దాని పక్కన పెట్టాడు. లేచేటప్పుడు ‘మేడమ్, ఫ్రెషర్‌గానే వచ్చి ఉంటే తీసుకునేవారా?’ అని అడిగాడు. తీసుకునేవాళ్ళమే. ఆ మాట నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

ఎర్రచెలక గారూ, పేరు, నంబరు తీసేసి మీ రెజ్యూమెలో ఏముందో ఇక్కడ రాయండి. మూడు వందల్లో మూడే వచ్చాయంటే కాగితంలో ఏదో లోపం ఉంది.

చిక్కడపల్లి చదువరి (బుధవారం, మధ్యాహ్నం 1:30)

సందర్భం కాకపోయినా ఒక మాట. ‘ఐటీ వద్దు, గవర్నమెంట్ జాబ్‌కి ప్రిపేర్ అవ్వు’ అని ఎవరో ఒకరు వచ్చి చెప్తారు. ఆ దారిలో నాలుగేళ్ళుగా ఉన్నవాణ్ణి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్‌లో రాసిన ప్రిలిమ్స్ రద్దు. 2023 జూన్ 11న మళ్ళీ రాశాం, అదీ రద్దు. 2024లో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్. ఒక్క ఉద్యోగానికి ఒక్క ప్రిలిమ్స్ మూడుసార్లు రాసేసరికి నాకు 24 నుంచి 26 వచ్చాయి. అశోక్ నగర్ రూముల్లో నాలాంటివాళ్ళు ఎంతమందో.

చదవొద్దని చెప్పను, నేనింకా చదువుతున్నాను. కానీ ఇప్పుడు పొద్దున ఆరు నుంచి పదకొండు వరకు సిటీ సెంట్రల్ లైబ్రరీ, ఆ తర్వాత ఒక ఆడిటర్ గారి ఆఫీసులో డేటా ఎంట్రీ. నెలకు పదకొండు వేలు. ఆ డబ్బు మొదటిసారి చేతిలో పడినప్పటి నుంచి నిద్ర పడుతోంది, మార్కులు కూడా పెరిగాయి. ఏ పరీక్షకైనా ఒక తేదీ పెట్టుకుని, చిన్నదైనా ఒక పని పట్టుకుని చదవాలని నా అభిప్రాయం.

ఎర్రచెలక (బుధవారం, సాయంత్రం 6:20)

అన్నలకు, మేడమ్‌కు థాంక్స్. రెజ్యూమెలో ఉన్నవి ఇవే. పైన కెరీర్ ఆబ్జెక్టివ్. తర్వాత స్కిల్స్: జావా, స్ప్రింగ్ బూట్, రియాక్ట్, పైథాన్, సీ, మాట్‌ల్యాబ్, ఎంఎస్ ఆఫీస్. ప్రాజెక్టు: ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఇరిగేషన్. నిజం చెప్పాలంటే ఆ ప్రాజెక్టు నలుగురం కలిసి అమీర్‌పేటలో కొన్నాం. ఇంటర్వ్యూలో దాని గురించి రెండో ప్రశ్నకే తడబడ్డాను. హాబీలు: క్రికెట్, పాటలు వినడం.

ఇంకేం లేవు. ఊళ్ళో ఉన్నప్పుడు బోరు మోటార్ల మొబైల్ స్టార్టర్లు బాగు చేస్తుంటాను, అది రాసేంత విషయం కాదని రాయలేదు.

మణికొండ హెచ్ఆర్ (బుధవారం, సాయంత్రం 6:31)

ఆగండి. మొబైల్ స్టార్టర్లు మీరు బాగు చేస్తారా? దాని గురించి వివరంగా రాయండి. ఎన్ని చేశారు, ఏం చేశారు, ఎక్కడ ఇబ్బంది పడ్డారు, అన్నీ.

ఎర్రచెలక (బుధవారం, రాత్రి 9:05)

మా బోరు ఇంటికి రెండు కిలోమీటర్లు. రాత్రిపూట నాన్న చీకట్లో వెళ్ళి మోటారు వేయాల్సి వచ్చేది, పాముల భయం. అందుకని ఫోన్ చేస్తే ఆన్ అయ్యే స్టార్టర్ పెట్టించాం. ఏడాదికే పనిచేయడం మానేసింది. షాపులో బోర్డు మార్చాలి, నాలుగు వేలన్నారు. నేను విప్పి చూస్తే రిలే కాంటాక్టులు అతుక్కుపోయి ఉన్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో అరవై రూపాయలకు రిలే తెచ్చి టంకం పెట్టాను, నడిచింది. అది చూసి పక్క పొలం మామ తన స్టార్టర్ తెచ్చాడు. అలా ఇప్పటికి మూడు ఊళ్ళవి కలిపి నలభై దాకా చూసి ఉంటాను.

ఎక్కువగా వచ్చేవి తేమ పట్టడం, లోపలికి బల్లులు దూరి షార్ట్ అవడం, వోల్టేజీ ఎగుడుదిగుళ్ళకు కెపాసిటర్లు ఉబ్బడం. ఒక్కోసారి ఏమీ ఉండదు, సిమ్‌లో రీఛార్జ్ అయిపోయి ఉంటుంది అంతే.

ఒకటి మాత్రం నేనే సొంతంగా చేశాను. ఎండాకాలం బోరులో నీళ్ళు అడుగంటితే మోటారు ఉత్తగా తిరిగి కాలిపోతుంది. నీళ్ళు లేనప్పుడు మోటారు లాగే కరెంటు తగ్గుతుంది కదా. ఒక ఫేజు వైరుకు సీటీ కాయిల్ (కరెంటు ఎంత పోతోందో కొలిచేది) తొడిగి, కరెంటు ఒక స్థాయికి దిగితే మోటారు ఆగి రైతు ఫోన్‌కి మెసేజ్ వెళ్ళేలా పెట్టాను. మొదట ఐదు సెకన్లకే ఆగేలా పెట్టాను. నీళ్ళు తెరలు తెరలుగా వచ్చినప్పుడల్లా ఆగిపోయేది, మామ తిట్టాడు. ఇరవై సెకన్లకు పెంచాక కుదిరింది. పోయిన వేసవిలో ఆరు మోటార్లకు పెట్టాను. ఒక్కటీ కాలలేదు.

చర్లపల్లి ప్యానెల్ (బుధవారం, రాత్రి 9:40)

తమ్ముడూ, ఆ ఐదు సెకన్లు ఇరవై చేసిన ముక్క చదివి కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. మాది చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో కంట్రోల్ ప్యానెళ్ళు చేసే చిన్న యూనిట్. నేను సర్వీస్ చూస్తాను. ఇంటర్వ్యూలకు వచ్చే ఈసీఈ పిల్లల చేతికి మల్టీమీటర్ ఇస్తే కొందరు నాబ్ ఎటు తిప్పాలో వెతుక్కుంటారు. అది వాళ్ళ తప్పు కాదు, ల్యాబులో ముట్టుకోనిచ్చిన వాళ్ళు లేరు.

రెండు ఫేజులే వచ్చినప్పుడు నీ సర్క్యూట్ ఏం చేస్తుంది?

ఎర్రచెలక (బుధవారం, రాత్రి 9:52)

నాది ఒక్క ఫేజు మీదే ఉంది అన్నా. ఆ ఫేజే పోతే కరెంటు సున్నా కాబట్టి ఆగుతుంది. వేరేది పోతే మిగిలిన వాటిలో కరెంటు పెరుగుతుంది, దాన్ని నా సర్క్యూట్ పట్టుకోదు. స్టార్టర్‌లో ఉన్న ఓవర్‌లోడ్ రిలే మీదే ఆధారపడ్డాను. మూడింటికీ కాయిల్స్ పెట్టాలని ఉంది, ఖర్చు పెరుగుతుందని ఆగాను.

చర్లపల్లి ప్యానెల్ (బుధవారం, రాత్రి 9:58)

తెలియనిదాన్ని తెలియదని చెప్పావు, చాలు. నీకు మెసేజ్ పెట్టాను, చూడు.

మణికొండ హెచ్ఆర్ (బుధవారం, రాత్రి 10:25)

చూశారా, ఏడువేలో ఎనిమిదివేలో పెట్టి కొన్న ప్రాజెక్టు పైన పెట్టారు. సొంతంగా చేసిన పని దాచేశారు, అది కూడా అదే సాగునీటి విషయం! ఆబ్జెక్టివ్ తీసేయండి. హాబీలు తీసేయండి. పైన ఇదే రాయండి: నలభై స్టార్టర్లు, లోపాలు, డ్రై రన్ రక్షణ, ఆరు మోటార్లు. సర్క్యూట్ ఫోటో, చేత్తో గీసిన డయాగ్రమ్ పెట్టి ఒక లింకు ఇవ్వండి. జావా నిజంగా వస్తే ఉంచండి, లేకపోతే అది కూడా తీసేయండి. వచ్చినవి నాలుగు చాలు.

అలాగే, ఒకే రెజ్యూమెని మూడు వందల చోట్లకు పంపడం కంటే, ముప్పై కంపెనీలు ఏం తయారు చేస్తాయో చదివి వాటికి తగ్గట్టు పంపడం మేలు. కాలేజీ సీనియర్లలో ఎవరెవరు ఎక్కడున్నారో వెతికి పలకరించండి. సిగ్గుపడొద్దు. మా దగ్గర లోపలివాళ్ళు పంపిన రెజ్యూమెలు ముందు తెరుస్తాం, అది వాస్తవం.

ఈసీఐఎల్ మాజీ అప్రెంటిస్ (గురువారం, ఉదయం 8:10)

నాట్స్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్, రిజిస్ట్రేషన్ ఉచితం. ఒక ఏడాది శిక్షణ, స్టైపెండ్, చివర్లో సర్టిఫికెట్. హైదరాబాద్‌లో ఉన్నన్ని అవకాశాలు ఈసీఈ వాళ్ళకు తక్కువ ఊళ్ళలో ఉంటాయి. ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి కేంద్ర ప్రభుత్వ కంపెనీలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి, ఎంపిక ఎక్కువగా మార్కుల మీదే. 71 శాతం అంటే ప్రయత్నించదగ్గదే. పర్మినెంట్ చేస్తారని ఆశ పెట్టుకోవద్దు, నన్ను చేయలేదు. కానీ ఆ ఏడాది టెస్టింగ్ బెంచ్ మీద నేర్చుకున్నదే నాకు ఇప్పుడు అన్నం పెడుతోంది.

జాగ్రత్తగా వినండి: ఏడాదో అంతకన్నా ఎక్కువో ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ళను అప్రెంటిస్‌గా తీసుకోరు. ఆ కన్సల్టెన్సీ ఇచ్చే రెండేళ్ళ దొంగ లెటర్ వాడితే ఈ దారి కూడా మూసుకుపోతుంది.

బాలానగర్ బీఎస్సీ (గురువారం, ఉదయం 11:05)

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాది బీఎస్సీ బయోటెక్నాలజీ. అందరూ మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డులు చదివి జబ్బులకు, చికిత్సలకు కోడ్‌లు వేసే పని) నేర్చుకోమంటున్నారు, ఫీజు ముప్పై వేలు, జాబ్ గ్యారంటీ అంటున్నారు. నమ్మొచ్చా అక్కా?

ల్యాబ్ కోటు (గురువారం, మధ్యాహ్నం 12:40)

‘గ్యారంటీ’ అన్న మాట వినగానే అది రాతపూర్వకంగా ఇమ్మని అడుగు చెల్లీ. కోడింగ్ నిజమైన పనే, హైదరాబాద్‌లో ఉద్యోగాలూ ఉన్నాయి. మనిషి శరీర నిర్మాణం మీద ఇష్టం ఉండి, రోజంతా రికార్డులు చదివే ఓపిక ఉంటే వెళ్ళు. మెడికల్ కోడర్లకు ఉండే సీపీసీ పరీక్ష పాసైతే విలువ ఉంటుంది, సెంటర్ ఇచ్చే సొంత సర్టిఫికెట్‌కి అంత ఉండదు. డబ్బు కట్టే ముందు ఆ సెంటర్‌లో పోయిన బ్యాచ్ వాళ్ళు ఇద్దరితో నువ్వే మాట్లాడు, సెంటర్ వాళ్ళు చూపించిన వాళ్ళతో కాదు.

ల్యాబ్ ఇష్టమైతే మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ వైపు చూడు. నేను పాశమైలారంలో ట్రైనీగా పదమూడు వేలకు చేరాను. మందుల్లో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద చేయి తిరిగాక శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీకి మారాను, జీతం రెట్టింపు దాటింది. షిఫ్టులు, కంపెనీ బస్సు కోసం తెల్లవారుజామున లేవడం కష్టమే, దాచను.

ఓయూ లెక్చరర్ (గురువారం, సాయంత్రం 5:15)

ఎర్రచెలకా, నువ్వు దసరాకి ఊరికి వెళ్ళలేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా క్లాసులో చదివిన పిల్లలు కూడా ఇలాగే మొహం చాటేస్తారు. 2024లో అంతర్జాతీయ కార్మిక సంస్థ భారత ఉపాధి మీద ఇచ్చిన నివేదికలో 2022 లెక్కలున్నాయి. యువతలో చదవడం, రాయడం రానివాళ్ళలో నిరుద్యోగం 3.4 శాతమైతే, డిగ్రీ చదివినవాళ్ళలో 29.1 శాతం. కూలికి వెళ్ళక తప్పనివాళ్ళు ఏదో ఒక పని చేస్తూనే ఉంటారు. చదివించిన ఇంట్లో పిల్లలు తగిన పని కోసం ఎదురుచూస్తారు. నీ ఒక్కడి చేతకానితనం అయితే పదిమందిలో ముగ్గురికి ఉండదు కదా నాన్నా. ముందు ఇంటికి వెళ్ళి రా.

ఎర్రచెలక (శుక్రవారం, మధ్యాహ్నం 2:10)

కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను. ‘సీటు వేరేవాళ్ళకు పోతుంది, తర్వాత బాధపడతావు’ అన్నారు. చేతులు వణికాయి గానీ ఫోన్ పెట్టేశాను.

తర్వాత నాన్నకు ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత, ‘నువ్వు అడిగినవని సరే అన్న గానీ, మనం పైసలిస్తే వచ్చేది నౌకరి ఎట్లయితది బిడ్డా’ అన్నారు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, ‘నువ్వు బేజారవుతవని’ అన్నారు. సార్ చెప్పినట్టు రేపు పొద్దున బస్సుకి ఊరికి వెళ్తున్నాను.

మెట్రో పిల్లర్ 1204 (శుక్రవారం, మధ్యాహ్నం 2:30)

చాలా మంచి పని చేశావు తమ్ముడూ. ఆ కన్సల్టెన్సీ వాళ్ళు పంపిన మెసేజ్‌లు డిలీట్ చేయకు, పోలీసులకు పనికొస్తాయి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను నామోషీతో నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నెలే నన్ను ముంచింది.

ఎర్రచెలక (తర్వాతి గురువారం, రాత్రి 8:45)

చర్లపల్లి అన్న వాళ్ళ యూనిట్‌కి ఈ రోజు వెళ్ళొచ్చాను. జావా గురించి అడగలేదు, ఆబ్జెక్టివ్ గురించి అడగలేదు. ఒక బోర్డు, మల్టీమీటర్ ముందు పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయారు. పన్నెండు వోల్టులు రావాల్సిన చోట ఏడు వస్తోంది. ఫిల్టర్ కెపాసిటర్ తల కొంచెం ఉబ్బి ఉంది, వేలితో తడిమితే తెలిసింది. మా ఊళ్ళో వందసార్లు చూసిందే. మార్చి పెట్టాను, పన్నెండు వచ్చింది. వాళ్ళు టీ తాగి వచ్చేసరికి అయిపోయింది.

మూడు నెలలు పదిహేను వేలు, ఆ తర్వాత పద్దెనిమిది. సోమవారం రమ్మన్నారు.

కూకట్‌పల్లి కుర్రాడు (గురువారం, రాత్రి 9:10)

కంగ్రాట్స్ బ్రో. కానీ ఒక మాట అడుగుతాను, నాలుగేళ్ళు బీటెక్ చదివింది పదిహేను వేలకా? హాస్టల్, తిండి పోతే ఏం మిగులుతుంది? ఇది న్యాయమని నాకు అనిపించడం లేదు.

చర్లపల్లి ప్యానెల్ (గురువారం, రాత్రి 9:35)

న్యాయమని నేనూ అనను. మా యూనిట్ చిన్నది, ఓనర్ గారితో మాట్లాడి పదమూడు అన్నదాన్ని పదిహేను చేయించగలిగాను. ఏడాది తర్వాత పెద్ద కంపెనీ పిలిస్తే పట్టుకుని ఆపను, నేనే మాట సాయం చేస్తాను.

మణికొండ హెచ్ఆర్ (గురువారం, రాత్రి 10:00)

చేరే రోజు అపాయింట్‌మెంట్ లెటర్ తీసుకోండి, పీఎఫ్ ఎప్పటి నుంచి కడతారో అడగండి. ఎవరడిగినా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. నాట్స్‌లో మీ వివరాలు అలాగే ఉంచండి. ఏడాది నిండకముందే నోటిఫికేషన్ వస్తే అప్లై చేయొచ్చు.

ఎర్రచెలక (గురువారం, రాత్రి 10:12)

అలాగే మేడమ్. హాస్టల్‌కి ఈ నెల అద్దె కట్టేశాను, అందుకని నెలాఖరు దాకా ఎస్సార్ నగర్ నుంచే వెళ్ళాలి. తొమ్మిదికల్లా చర్లపల్లిలో ఉండాలంటే ఎలా రావాలి అన్నా? ఈ రోజు రెండు గంటలు పట్టింది.

చర్లపల్లి ప్యానెల్ (గురువారం, రాత్రి 10:20)

అమీర్‌పేటలో నాగోల్ మెట్రోకి మారు. హబ్సిగూడలో దిగితే నాచారం, మల్లాపూర్ మీదుగా ఈసీఐఎల్ వెళ్ళే బస్సులు దొరుకుతాయి. ఏడుంబావుకల్లా బయలుదేరు. ఈసీఐఎల్ చౌరస్తాలో దిగి ఫోన్ చెయ్యి, నేను బండి మీద వచ్చి ఎక్కించుకుంటాను. టిఫిన్ చేయకుండా రాకు, మా క్యాంటీన్ పదకొండింటి దాకా తెరవరు.